ఫైలు వదిలిపెట్టండి మాస్టారూ

అన్నీ కంప్యూటర్ మీదికి తోసేస్తే ఎలా మాస్టారూ? కంప్యూటర్ తీసుకుంది, కంప్యూటర్ తీసుకుంది అంటారు. దానికేమన్నా చేతులున్నాయా? ఎక్కడో ఎవరో మీట నొక్కే ఉంటారు కదా. నొక్కినవాళ్లే ఇంకోసారి నొక్కితే నా ఫైలు వెనక్కి రాదా?

అబ్బే, అరవట్లేదండీ. మా ఊళ్లో అందరి గొంతూ ఇంతే. ఈ కొండ మీంచి ఆ కొండకి వినపడాలి మరి.

హాన్ యూచిన్. సైన్సు. ఇదిగో కార్డు. ఆ ఫొటోలో ఉన్నది నేనే. ఆఖరి సంవత్సరం జుట్టు దువ్వుకోవడం దండగని మా క్లాసు మేడమ్ ఆడపిల్లలందరికీ చెవుల దాకా కత్తిరించేయించారు. మగపిల్లాడిలా తయారయ్యానని మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కూర్చోనా? వద్దండీ. కూర్చుంటే మీరు నిదానంగా నచ్చచెప్తారు. నచ్చచెప్పించుకోడానికి రాలేదు నేను.

రేపు పొద్దున సీట్ల సాధారణ విడత మొదలవుతుంది, అవునా? నాన్‌జింగ్ విద్యాలయం వాళ్లు మన గాన్సు రాష్ట్రం పిల్లల ఫైళ్లు వరసగా తెరుస్తారు. అందులో నాది ఉండదు. ముందు విడతలోనే టీచర్ల విద్యాలయం వాళ్లు పట్టుకుపోయారు. ఒకళ్ల చేతిలో పడ్డ ఫైలు ఇంకొకళ్లకి కనపడదు. నా మార్కులున్నాయి, నా ర్యాంకు ఉంది, ఎదురుగా నేనున్నాను. రేపటి లెక్కలో మాత్రం లేను.

ఇవాళ సాయంత్రం మీరు ఆఫీసు మూసేలోపు వదిలేస్తే ఉంటాను. అంతే నేనడిగేది.

రూలు. తెలుసండీ. ఆ గోడకి అంటించిందే కదా. లైన్లో నిలబడ్డంతసేపూ అదే చదివాను. చదవగా చదవగా మెత్తబడుతుందేమోనని.

అదృష్టవంతురాలినా? బాగుంది. మీతో కలిపి మా జిల్లా అంతా అనేసినట్టే.

చూడండి, నేను మూడు చోట్లు ఎంచుకున్నాను. మూడూ ప్రభుత్వానివే. మూడింట్లోనూ వాతావరణ శాస్త్రం ఉంది. లాన్‌జౌ, నాన్‌జింగ్, చెంగ్డూ.

లాన్‌జౌ అయితే పొద్దున బస్సెక్కి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. కానీ నా ర్యాంకుకి ఎగిరినా అందదు. అయినా రాశాను. ఎగరకుండా అందదని ఎలా చెప్తాం? చెంగ్డూ అయితే కళ్లు మూసుకున్నా వస్తుంది. అక్కడి నూడుల్స్ తింటే పెదాలు మొద్దుబారిపోతాయట, నెలల తరబడి ఎండ మొహం కనపడదట. అదీ రాశాను, కింద పడితే పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మధ్యలో నాన్‌జింగ్. అది నా కొలతలు తీసుకుని కుట్టినట్టుంది మాస్టారూ. పాత ర్యాంకులన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఏ ఏడు చూసినా నేను గుమ్మం దాటి, లోపల వెచ్చటి అరుగెక్కి కూర్చున్నట్టే ఉంది.

అక్కడ చలికాలం హాస్టల్ గదులు వెచ్చబెట్టరట. వానలప్పుడు గోడలు చెమర్చి, పెట్టెలో మడత పెట్టిన బట్టలకి బూజు పడుతుందట. వెళ్లొచ్చినవాళ్లు అదేదో రోగం గురించి చెప్పినట్టు చెప్తారు. మేం వాన నీళ్లు నేలలో తవ్విన తొట్టెలో దాచుకుని ఏడాది పొడుగునా తాగేవాళ్లం. బట్టలకి బూజు పట్టేంత తడి ఎలా ఉంటుందో చూడాలనిపించింది నాకు.

వాతావరణమే ఎందుకా?

మీరు ఆలుగడ్డలు పండిస్తారా? లేదు కదా. మరి మీకు వడగళ్లంటే కారు అద్దానికి పగులు. మాకు కాదు. మా కొండ మీద ఫిరంగి ఉంది. వడగళ్లు పడకుండా మేఘం మీద పేలుస్తారు. పట్నం నుంచి ఫోన్ వస్తేనే పేల్చాలి, పైన విమానాలు తిరుగుతుంటాయి కదా. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆ ఫోన్ వచ్చింది. వచ్చేసరికి వడగళ్లు పడి, కరిగి, కాలవలో పారుతున్నాయి. ఆలు ఆకులు జల్లెడైపోయాయి. ఫిరంగి చూసుకునే మావయ్య అయినా పేల్చాడు. ఇప్పుడెందుకయ్యా అంటే, ఆర్డరు ఇప్పుడే కదా వచ్చింది అన్నాడు.

ఊరంతా ఆయన్ని తిట్టింది. ఫోన్ చేసినవాణ్ని ఎవరూ తిట్టలేదు. వాడెవడో, ఎక్కడ కూర్చుంటాడో తెలిస్తే కదా. ఆ కుర్చీలో నేను కూర్చుంటే బాగుండు అనుకున్నాను. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదండీ.

అదీ! అడుగుతారని తెలుసు. అంత ఇష్టముంటే టీచర్ల విద్యాలయం ఎందుకు రాశావమ్మా అని. అడగండి. అడగాల్సిందే.

రాసింది నేనే. నా చేత్తోనే. మా బెంచీలో పక్కపిల్ల, ‘ఎవరో నా పాస్‌వర్డ్ కొట్టేశారని చెప్పవే, ఏడువు, కింద పడి దొర్లు, వాళ్లే దిగొస్తారు’ అంది. నాకు దొర్లడం రాదు. పైగా ఈ ప్యాంటు ఉతికి ఆరేసి మళ్లీ రేపు వేసుకోవాలి.

ఖాళీ వదలకూడదని కదా మాస్టారూ మాకు నేర్పింది? మూడేళ్లూ అదే పాట. జవాబు తెలీకపోతే సూత్రం రాయి. సూత్రం తెలీకపోతే ‘సాధన’ అని రాసి రెండు చుక్కలు పెట్టు, ఆ మాటకే జాలిపడి ఒక మార్కు వేసే మారాజు ఉంటాడు. ఖాళీ వదిలేస్తే దేవుడు దిగొచ్చినా వెయ్యలేడు. సరే. దరఖాస్తులో ముందు విడత గడి ఖాళీగా కనపడింది. చెయ్యి ఊరుకోదు కదా. మా క్లాసులో సగం మంది ఏదో ఒకటి నింపేశారు. ఒకడు నౌకల కాలేజీ రాశాడు, వాడికి ఈత కూడా రాదు. వాళ్లెవరికీ ఏదీ రాలేదు, హాయిగా ఉన్నారు.

రాదని లెక్క చూసుకునే రాశానండీ. పోయినేడు అక్కడ ఆఖరి సీటు దొరికిన పిల్ల ర్యాంకు నాకన్నా చాలా ముందుంది. ఫీజు లేదు, నెలనెలా భత్యం, బయటికి రాగానే సర్కారు బడిలో ఉద్యోగం. జనం ఎగబడతారు. ఈ ఏడు ఏమైందట? పోటీ ఎక్కువని భయపడి పైవాళ్లంతా తప్పుకున్నారట. అంటే వాళ్లూ నాలాగే లెక్క చూసుకున్నారన్నమాట.

చదువయ్యాక సొంత జిల్లాకే వచ్చి ఆరేళ్లు ఊరి బళ్లో చెప్పాలి. మంచి పనే. కాదన్నానా? మా బడికి లెక్కల టీచరు లేక ఏడాదంతా డ్రిల్లు చేయించిన రోజులు నాకు గుర్తే. ఎవరో ఒకరు రావాలి. ఆ ఎవరో ఒకరు నేనని అనుకోలేదు, అంతే.

వద్దనొచ్చా? ఆ, ఆ రూలు కూడా చదివాను. వద్దంటే ఈ ఏడు ఇంకే విద్యాలయమూ లేదు. మళ్లీ రిపీటు క్లాసు. మోచేతులు ఆనే చోటు లేకుండా కూర్చుని మళ్లీ అవే లెక్కలు. చేస్తాను మాస్టారూ. చదవడానికి నాకేం భయం? ఈ జుట్టు మళ్లీ కత్తిరించుకుంటాను.

కానీ వద్దని ఎవరితో చెప్పాలి? మీతోనైతే ఈ క్షణం చెప్తాను.

ఒకసారి కిటికీలోంచి చూడండి. గేటు దగ్గర నీలం చొక్కా. చంకలో సంచి, సంచిలో కర్బూజాలు. వాచ్‌మన్‌కి సిగరెట్ అందిస్తున్నారు చూశారా, ఆయన మా నాన్న. తన సిగరెట్ ఎలా పట్టుకున్నారో చూడండి. సుద్దముక్క పట్టుకున్నట్టు లేదూ?

మా ఊరి బళ్లో పదేళ్లకి పైగా తాత్కాలిక టీచరుగా చేశారు. పరీక్ష రాసి పర్మినెంటువాళ్లు వచ్చారు. ఈయన్ని రేపట్నుంచి రావద్దన్నారు. ఆ మాట చెప్పినాయనకి టీ ఇచ్చి పంపించారట మా నాన్న. ఇప్పుడు ఆలుగడ్డల గిడ్డంగిలో మూటలు మోస్తారు. అక్కడా ‘మాస్టారూ, ఆ మూట ఇటు వెయ్యండి’ అనే పిలుస్తారు. వెక్కిరింపో, మర్యాదో, ఆయన ఎప్పుడూ తేల్చుకోలేదు.

నాకు సీటొచ్చిన రోజు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని పైకి చదివారు. క్లాసులో చదివినట్టు, ఒక్కో మాటా విడగొట్టి. ‘పర్మినెంటు, యూచిన్. నిన్నెవడూ రేపట్నుంచి రావద్దనలేడు’ అన్నారు. అప్పుడే మాంసం కొట్టుకి ఫోన్ చేసి గొర్రె చెప్పేశారు. నాకు చదువు చెప్పినవాళ్లందరికీ విందట. మా అమ్మ, ‘కాగితం చేతికొచ్చేదాకా ఆగవయ్యా’ అంటే, ‘గొర్రె ఆగుతుందా?’ అన్నారు. మా ఇంట్లో ఆయన జోకులేయగా నేను వినడం అదే మొదటిసారి.

ఇవాళ టీచర్ల సీటు ఒప్పంద పత్రం మీద ఎప్పుడు సంతకం పెట్టాలో కనుక్కుందామని తీసుకొచ్చానాయన్ని. నేను చెప్పింది అదే. ఆ కర్బూజాలు మీకే.

ఖాళీ వదలకూడదన్న సంగతి నిజమే మాస్టారూ. అదొక్కటే అయితే ఇంత బాధ లేదు.

ఆ గడి నింపుతుంటే ఆయన నా పక్కనే కూర్చున్నారు. ‘నీ ఇష్టం’ అన్నారు. కాసేపాగి, ‘నాన్‌జింగ్‌లో మూడు పూటలా అన్నమేనట, నీకు అరుగుతుందా?’ అన్నారు. ఇంకాసేపాగి, ‘టీచర్ల విద్యాలయంలో నూడుల్స్ బాగుంటాయట’ అన్నారు. అంతే. దానికి ఏమనాలి? ఏమనాలో చెప్పండి. మీరైతే ఏమనేవారు?

అందుకని ఆయన చూస్తుండగానే రాశాను. రాదని తెలిసే రాశాను. రాకపోతే కాదన్నది నేను కాదు కదా, నా మార్కులు. ఇద్దరం ఆ మార్కుల్ని తిట్టుకునేవాళ్లం. ఆయన నిట్టూర్చి నా సంచి మోసుకుని రైలెక్కించేవారు. నా నోటితో చెప్పాల్సిన ‘వద్దు’ మార్కుల చేత చెప్పిద్దామనుకున్నాను మాస్టారూ. అవేమో ఆ సీటుకి సరేనన్నాయి.

అయ్యో, మెట్లెక్కేస్తున్నారు. ఆ చెప్పుల చప్పుడు ఆయనదే.

ఫైలు మాటెత్తకండి. దణ్ణం పెడతాను. ‘మీ అమ్మాయి గట్టిది, మంచి సీటు కొట్టింది’ అనండి చాలు. మీరు రోజూ ఎంతమందితో అంటారో! కర్బూజాలు వద్దనకండి, చిన్నబుచ్చుకుంటారు. మాస్టారూ అని పిలవండి, కుదిరితే.

రా నాన్నా, లోపలికి రా. సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నారు.