సీసా మీద గీత

కుట్టుమిషను ముందు నానమ్మ. పిల్లల్ని చూసిపోవడానికి ఇల్లిల్లూ తిరిగే నర్సు. నేలమీద గుడ్డపీలికలతో ఆడుకుంటున్న అయిదేళ్ళ మనవరాలు.

"...అయితే ఏమంటావు? దగ్గుకి తేనె పెట్టడం తప్పంటావు, అంతేగా?"

"తప్పని నేనెప్పుడన్నాను పెద్దమ్మా?"

"అనకపోతే ఆ మొహమేమిటి, చేదు మింగినట్టు? నీ వయసెంత?"

"ఇరవై నాలుగు."

"పెళ్ళి?"

"కాలేదు."

"కాలేదు! నలుగురు పిల్లల్ని దగ్గుల్లోంచీ జ్వరాల్లోంచీ ఈడ్చుకొచ్చాను నేను. సంచీ భుజాన వేసుకుని నాకు నేర్పడానికి వచ్చింది ఈవిడ! కూర్చో. ఆ కుర్చీలో కాదు, అది జాకెట్లు కుట్టించుకునేవాళ్ళకి. ఆ పీట మీద."

"వినండి పెద్దమ్మా. చిలకకి అయిదేళ్ళు. చెంచాడు తేనె పెడితే దగ్గు నెమ్మదిస్తుంది. మా డాక్టరుగారూ అదే చెబుతారు."

"ఆహా, అదేదో ఆయనే కనిపెట్టినట్టు! మా అమ్మ పెట్టింది, నేను పెట్టాను. ఇప్పుడు మీరొచ్చి దానికి తెల్లకోటు తొడిగారు."

"చిన్నదానికి మాత్రం..."

"ఏడాది నిండేదాకా ముట్టించకూడదు. తెలుసు తల్లీ, తెలుసు. మా కోడలు రోజూ అదే జపం. కోడలా అది, పోలీసా? అదిగో, ఆ సీసా చూడు. ఎర్ర గీత కనపడిందా?"

"గీతేమిటి?"

"ఆఫీసుకి పోతూ పోతూ తేనె ఎంతవరకూ ఉందో గీత పెట్టి పోతుంది. సాయంత్రం వచ్చి చూసుకుంటుంది. చిలకకి రెండు చెంచాలు, అంతే దిగాలి. చాటుగా చిన్నదానికి నాకించేస్తానట! నా ఇంట్లో నాకే కాపలా. ఒంటికాయగా పెరిగిన పిల్ల. ఒకరితో పంచుకోవడం ఎరగదు, ఒకర్ని నమ్మడం ఎరగదు. ఈ చిలకకైనా ఆ బుద్ధులు రాకూడదని నేనే నాలుగు మంచి మాటలు నేర్పుతున్నా."

"ఆవిడ భయం ఆవిడది. తేనెలో ఒక్కోసారి ఒక క్రిమి ఉంటుంది. పెద్దవాళ్ళనేం చెయ్యదు. పసిపిల్లల పేగుల్లో చేరితే విషం కక్కుతుంది. అందరికీ కాదు, ఎక్కడో ఒకరికి. కానీ వచ్చిందంటే ఒళ్ళు వాలిపోతుంది, పాలు పీల్చే ఓపికుండదు, ఆ తర్వాత ఊపిరి..."

"చాల్లే, శకునపక్షీ! నేను పెట్టలేదు. చుక్క పెట్టలేదు. అన్ని మాటలు పడ్డాక పెడతానా? ఒక్కరోజు కూడా ఆ గీతకి వెంట్రుకవాసి తేడా రాలేదు. ఆ మహాతల్లినే అడుగు."

"సరే, నమ్మాను. చిన్నదేదీ?"

"ఉయ్యాల్లో. ఏడో నెల. మొన్నటిదాకా అరిచి ఇల్లెగరగొట్టేది. రెండ్రోజుల్నుంచి నోరెత్తితే ఒట్టు. నా పెంపకమంటే అదీ!"

"అసలు ఏడవడమే లేదా?"

"ఏడుస్తుంది, పిల్లికూనలా, సన్నగా."

"పాలు?"

"రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది. పళ్ళొస్తున్నాయిలే."

"దొడ్డికెళ్ళిందా?"

"మూడ్రోజులైంది. ఏం, అది కూడా నీ పుస్తకంలో రాసుకుంటావా?"

"మీ కోడలు చూడలేదా ఇవన్నీ?"

"చూసింది. పొద్దున సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి పోతానంది. ఈ మాత్రానికి సెలవా అని నేనే తరిమాను. బిడ్డ తుమ్మితే చాలు ఆస్పత్రి!"

"ఉండండి, నేనెత్తుకుంటాను... పెద్దమ్మా, మెడ ఇలా వాలిపోతోందేం?"

"నిద్రమత్తు."

"నిద్ర కాదిది. రెప్పలు కూడా ఎత్తలేకపోతోంది. మనం ఇప్పుడే ఆస్పత్రికి పోవాలి. మీ కోడలికి ఫోన్ చెయ్యండి. పెద్దమ్మా, అక్కడ మొదట అడిగేది ఇదే, నిజం చెప్పండి. తేనె పెట్టారా?"

"ఎన్నిసార్లే చెప్పడం! నీ కళ్ళకి నేను అబద్ధాలకోరులా కనపడుతున్నానా? చిలకా, దగ్గు ఆపి నువ్వు చెప్పవే ఈ మహాడాక్టరుకి. రోజుకి నీకెన్ని చెంచాలు?"

"రెండు."

"నేను చెల్లికి ఎప్పుడైనా పెట్టానా?"

"లేదు నానమ్మా."

"విన్నావా? నిండు చెంచా దీని చేతికిచ్చి మళ్ళీ మిషను తొక్కుకుంటాను. దగ్గర కూర్చుని నాకించే తీరిక నాకెక్కడిది? నోటికొచ్చినట్టు మాట్లాడ్డానికి సిగ్గుండాలి. మా కోడలికి తగ్గదానివే దొరికావు."

"చిలకా, ఇలా చూడమ్మా. చెంచాలో తేనె అంతా నువ్వే తింటావా?"

"ఊహూఁ. చెల్లికి పెట్టకుండా ఏం తిన్నా కళ్ళు పోతాయని నానమ్మ చెప్పిందిగా. సగం నేను, సగం చెల్లి."