నీలం కింద ఇల్లు

రాజమండ్రి చిత్రప్రదర్శనలో, ఉప్పాడ నుంచి వచ్చిన చిత్రకారిణి బొమ్మ ముందు నిర్వాహకుడు ఆగాడు.

“బొమ్మ బాగుందమ్మా. చీటీ మీద ‘ఏఐ సాయంతో’ అన్న ముక్క తీసేయండి. కమిటీ చూస్తే పక్కన పెట్టేస్తుంది.”

“తియ్యనండి. అది సాయం చేసిన మాట నిజమే కదా.”

“అంతా నీలమే. మరి ఇందులో మీ చేతిపని ఏముంది?”

“ఈ మూల తడిమి చూడండి.”

“ఏదో ఎత్తుగా తగులుతోంది.”

“ఇల్లండి. మా తీరం చూపించమంటే ఏఐ ప్రతిసారీ ఒడ్డున ఇల్లు పెట్టింది. నేనూ మందంగా రంగు పెట్టి అలాగే కట్టాను. ఆనక నీలం పూసేశాను.”

“అంత కష్టపడి కట్టి కప్పేశారేంటండీ?”

“మొన్నటి తుపానుకి మా ఇల్లు అక్కడే సముద్రంలో కలిసిపోయిందండి. ఆ సంగతి దానికి తెలీదు. చీటీ మార్చాలంటే ఇలా రాయండి: ఇల్లు ఏఐ చూపించింది, సముద్రం నేను వేశాను.”