బీపీ అంటే

శంషాబాద్. ప్రేమలతను చూడడానికి మగపెళ్ళివారు రావలసిన పూట. వంటింట్లో ఆమె తల్లి ముత్తమ్మ, వదిన మాధవీలత.

“బీపీ అని చెప్పు. గంతే.”

“నాకు బీపీ లేదత్తమ్మా.”

“ఉన్నదంటే ఏం పోతది? ఊర్ల సగం మందికి ఉన్నది.”

“వాళ్ళకు ఉన్నది గాబట్టి చెప్తరు. నాకున్నది వేరే.”

“పిలగాని మేనమామ గోవర్ధన్ గూడ నీలెక్క ఎయిర్‌పోర్టులనే పనిచేస్తడు. నువ్వు డ్యూటీల కూలబడంగ చూసిండట. అడుగుతడు చూడు.”

“అడగనీ. పానిక్ అటాక్ అని చెప్త.”

“అటాక్ అంటే గుండెదనుకుంటరే!”

“గుండెది గాదు. గుండె దడదడ కొట్టుకుంటది, ఊపిరాడదు, సచ్చిపోతున్న అనిపిస్తది. సావరు. గది పానిక్ అటాక్.”

“డాక్టర్ ఇంకేదో పేరు గూడ చెప్పిండంటివి. డి... డి...”

“డిప్రెషన్.”

“గది వానలది గాదె? టీవీల చెప్తరు, బంగాళాఖాతంల ఉన్నదని.”

“గది గూడ డిప్రెషనే. గది వస్తే చేన్లకు వానొస్తదని సంబరపడ్తరు. నాకొస్తే దాచిపెడ్తరు.”

“నవ్వులాట గాదు, మాధవీ. ఇంట్ల ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన కేసు ఉన్నది, మెంటల్ ఉన్నది అని తెలిస్తే—”

“ఏమంటివి?”

“నేనంటలేను. లోకమంటది.”

“లోకం ఇంక లోపలికి రాలే. ఈడ మనిద్దరమే ఉన్నం. నువ్వే అన్నవు.”

“జర మెల్లగ. ప్రేమ వింటది.”

“విననీ. రేపు దానికే గిట్లయితే? అత్తగారింట్ల అది గూడ బీపీ బీపీ అనుకుంట ఒక్కతే ఏడ్వాల్నా?”

“మంచిరోజు గీ మాటలేంది తల్లీ!”

“కోపమొస్తుంది నాకు. నీ గోలీల డబ్బ దేవుని పటాల పక్కన పెడ్తవు. నావి బియ్యం డ్రమ్ము ఎనక దాస్తవు. నెలనెల పట్నం పోతవు, బీపీ గోలీలకు పోతున్న అని వాడంత చెప్పి మరీ పోతవు. బీపీ ఉన్న మనిషివి, తొక్కుల ఉప్పు తక్కువైందని పొద్దున లొల్లి జేస్తివి. నిన్నెవరన్న ఏమన్న అన్నరా?”

“నా సంగతి ఇడిసిపెట్టు.”

“నా సంగతెందుకు పట్టుకుంటున్నవు మరి?”

“ఒక్క పూట, బిడ్డా. పిల్ల పెండ్లి.”

“ఇయ్యాల చెప్తే రేపు గూడ అదే చెప్పాలె. పెండ్లిల చెప్పాలె, బారసాలల చెప్పాలె. నేను చెప్ప. గీ గోలీలు ఏసుకునే గద మళ్ళ డ్యూటీకి పోతున్న, మీతోని కూసోని తింటున్న. నేనేం తప్పుపని చెయ్యలే. గంత నామోషి అయితే ఇయ్యాల్టి సందే బంజేస్త. ఇగో, చెత్తబుట్టల—”

“ఏయ్! పారెయ్యకు! ఒక్కపారే బంజేస్తరా ఎవరన్న? తల గిర్రున తిరుగుతది. పండుకుంటే తలల కరెంటు కొట్టినట్టయితది. ఇగ మళ్ళ ఆ ఏడుపు మొదలు. ఎందుకొస్తదో తెల్వదు, ఎట్ల ఆపాల్నో తెల్వదు. డాక్టర్‌ను అడిగి మెల్లమెల్లగ తగ్గియ్యాలె గని గట్ల పారేస్తరా! ఇటియ్యి, ఇటియ్యి.”

“అత్తమ్మా.”

“ఏంది?”

“కరెంటు సంగతి నేను నీకెన్నడు చెప్పలే.”

“టీవీల... టీవీల చెప్పిండ్రు.”

“టీవీల వానలది చెప్తరంటివి.”

“అగో, కారు ఆగినట్టున్నది. ఛాయ్ పెట్టు.”

“పెడ్త. నీకు బీపీ ఎప్పటి సంది?”

“ప్రేమ పుట్టినప్పటి సంది. పాలు తాగిపియ్యనీకె పిల్లను ఇస్తే చేతుల్లకు తీసుకోబుద్ధి కాకపోయె. గోడ దిక్కు తిరిగి పండుకుంటుంటి. అందరు నన్ను... ఇగ వద్దు, పోనియ్యి.”

“గది బీపీ ఎట్లయితది అత్తమ్మా?”

“తలుపు కొడుతున్నరు.”

“కొట్టనీ. నెలనెల పట్నం అంటే యాడికి పోతవు నువ్వు?”

“ఎర్రగడ్డకు. మీ మామకు గూడ తెల్వదు. కండ్లు తుడుచుకో, పోయి తలుపు తియ్యి. గోవర్ధన్ అడిగితే నువ్వు మాట్లాడకు. నేనే చెప్త, మా ఇంట్ల ఇద్దరం ఉన్నమని.”