ఇందాయ్ గొంతు

ఈ ఊరి పెద్దలకు, ఫాదర్ గారికి, వలలు రేవులో వదిలేసి వచ్చిన అన్నదమ్ములకు, చేపలు ఎండబెట్టే పందిళ్ళ నుంచి తడి చేతులతోనే వచ్చిన అక్కచెల్లెళ్ళకు, మనీలా నుంచి నాతో పాటు వచ్చిన మా షూటింగు వాళ్ళకు, అందరికంటే ముందు ఆ చెక్క కుర్చీలో కూర్చున్న పసింగ్ అమ్మమ్మకు నమస్కారం.

ఈ బాస్కెట్‌బాల్ కోర్టులో ఎప్పుడూ కేకలే ఉంటాయట. ఆటలిక్కడే, పెళ్ళి విందులిక్కడే, తుఫానొస్తే ఊరంతా తలదాచుకునేదీ ఇక్కడే. ఇవాళ ఇక్కడ జోనాలిన్ పలబ్రికాను పడుకోబెట్టుకుని కూర్చున్నాం. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. టీవీలో దాని పేరు జోవానా మోంతే. మీకు మాత్రం ఇందాయ్. ఇందాయ్ పోయింది. ఈ మాట పొద్దున్నుంచీ అంటూనే ఉన్నాను. నోరు అంటోంది, లోపల ఎవరూ వినడం లేదు.

నా పేరు ఎర్లిందా అంటే మీలో ఒక్కరికీ తెలియదు. డోన్యా ప్రుదెన్సియా అంటే చంటిపిల్లలు కూడా మొహం తిప్పుకుంటారు. మా సీరియల్లో అది పనిపిల్ల, నేను దాన్ని కాల్చుకు తిన్న యజమానురాలిని. పొద్దున గేటు దగ్గర అందరికీ కాఫీ ఇస్తున్న ఒక పెద్దామె నా వంతు వచ్చేసరికి కప్పు వెనక్కి తీసుకుంది. “బతికున్నన్నాళ్ళూ పిల్ల చెంపలు వాయగొట్టింది చాల్లేదా, ఇప్పుడు చూసి పోదామని వచ్చావా?” అంది. అమ్మా, మీరెక్కడ కూర్చున్నా సరే, నాకు కోపం లేదు. మిగతావాళ్ళందరూ “ధైర్యంగా ఉండండి మేడమ్” అన్నారు. ఆ గేటు దగ్గర నాతో మనిషిలా మాట్లాడింది మీరొక్కరే.

శవపెట్టె అద్దం మీద కన్నీటిబొట్టు పడకూడదంటారు మన పెద్దలు. పడితే పోయినవాళ్ళకు ప్రయాణం బరువవుతుందట. నా విషయంలో ఆ భయం ఎవరికీ అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళుగా డైరెక్టరు చెయ్యెత్తగానే ఏడ్చిన కళ్ళివి. ఇవాళ ఒక్క చుక్క రాల్చలేదు. కెమెరా లేదనుకున్నాయో ఏమో, సిగ్గులేని కళ్ళు.

మనీలా వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి, ఊరివాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఇక్కడ ఇందాయ్ అంటే ఏమిటి? బంగారుతల్లీ అని. కూతుర్ని అలాగే పిలుస్తారు, మనవరాలిని అలాగే పిలుస్తారు, చేపలు కొనడానికి వచ్చిన ముక్కూ మొహం తెలియని పిల్లనూ అలాగే పిలుస్తారు. మరి మనీలాలో ఇందాయ్ అంటే ఏమిటి? పనిమనిషి. ఈ దీవుల నుంచి ఓడెక్కి పాచిపనికి వచ్చిన ప్రతి పిల్లా అక్కడ ఇందాయే. ఇక్కడ ఓడెక్కేటప్పుడు ముద్దుమాట, అక్కడ రేవులో దిగేసరికి తిట్టు.

మా సీరియల్లో దాని మొదటి సీను నాతోనే. నేను సోఫాలో కూర్చుని “ఇందాయ్!” అని అరవాలి. అది గడగడా వణుకుతూ రావాలి. నాకున్న చీదరింపు అంతా కూడదీసుకుని అరిచాను. ఆ పిల్ల లోపలి నుంచి మొహమంతా నవ్వు చేసుకుని పరుగెత్తుకొచ్చింది. కట్ అన్నారు. మళ్ళీ అరిచాను. మళ్ళీ అదే నవ్వు. డైరెక్టరు తల పట్టుకుని, “ఆవిడ నిన్ను తిడుతోందమ్మా! తిడితే నవ్వుతావేంటి?” అన్నాడు. అదేమో బిక్కమొహం పెట్టి, “తిట్టా అండీ? మా అమ్మమ్మ నన్ను బువ్వకు పిలిచేది అట్టాగే. ఆ మాట చెవిన పడితే మొహం దానంతటదే నవ్వుద్ది, నేనేం చేసేది?” అంది.

సెట్టు మీద అందరూ గొల్లున నవ్వారు. ఒక్క నెనిత తప్ప. మా మేకప్ మనిషి నెనితది ఈ దీవే. పౌడరు డబ్బా పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడిపోయింది. డైరెక్టరు ఆమెను చూశాడు, పిల్లను చూశాడు, ఆ నవ్వునే ఉంచేశాడు. ఆ నవ్వు మీరంతా చూశారు కదా? అదేం నటన కాదు. దానికి నిజంగానే బువ్వకు పిలిచినట్టే వినపడింది.

ఆ పిల్ల యాస సంగతి చెప్పాలి. ఈ దీవివాళ్ళు పోట్లాడుకుంటుంటే బయటివాళ్ళకు జోలపాడుతున్నట్టు ఉంటుంది. అందుకే అది నా మీద తిరగబడే సీను పెద్ద నవ్వులాట అయింది. “రాక్షసీ, నీ పాపం పండింది!” అని అరవమంటే, బుజ్జగించి మందు తాగిస్తున్నట్టు అరిచేది. నాకే నవ్వాగక విగ్గు జారిపోయింది. కంపెనీ వాళ్ళు చూసి చూసి దానికి ఉచ్చారణ నేర్పే టీచరమ్మను పెట్టారు. పనిపిల్ల వేషానికి ఆ యాస సరిపోయింది గానీ, కథలో ముందుముందు అది హీరోయిన్ కావాలి, హీరోయిన్ అలా మాట్లాడకూడదు. అదీ వాళ్ళ లెక్క.

నేర్చుకోలేదనుకున్నారా? అక్షరం పొల్లుపోకుండా నేర్చుకుంది. టీచరమ్మ వెళ్ళగానే ఆవిడ నడకతో సహా అనుకరించి మమ్మల్ని నవ్వించేది. మనీలా పెద్దింటి ఆడవాళ్ళ కంటే మనీలాగా మాట్లాడేది. కెమెరా ముందుకు వచ్చిందంటే మాత్రం మళ్ళీ ఈ ఊరి ఎస్తాన్సియా రేవే, అదే యాస. మా నిర్మాత రామిరో గారు పిలిచి గట్టిగానే అడిగారు. అప్పుడు అదేమందో ఆయనకు గుర్తుండే ఉంటుంది. “శుభ్రంగా మాట్లాడగలను సార్. కానీ శుభ్రంగా మాట్లాడితే అమ్మమ్మకు నేనని తెలవదు. ఆమెకు కళ్ళు పోయినాయి. ఆమె టీవీ చూడదు, ఇంటది. అంతమంది మాట్లాడతా ఉంటే నన్ను ఎట్టా ఏరుకుంటది? ఈ యాస పట్టుకునే గదా!” అంది.

రామిరో గారు ఆ రోజే టీచరమ్మను మాన్పించారు.

నా సంగతి కూడా దానికి అలాగే దొరికిపోయింది. ఒకసారి సెట్టులో మేకు గుచ్చుకుంది నా కాలికి. మనీలా మనిషి అయితే నొప్పికి “అరాయ్” అనాలి. నా నోట్లోంచి ఈ దీవివాళ్ళలా “అగాయ్” అని వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. అది మాత్రం మూలనుంచి చటుక్కున తల తిప్పింది. మందు రాయడానికి వచ్చినట్టు వచ్చి, నా పాదం ఒళ్ళో పెట్టుకుని, చెవిలో, “నొప్పికి అబద్ధం ఆడటం రాదు పిన్నీ. ఏ ఊరు మనది?” అంది. నలభై ఏళ్ళు మనీలాదాన్నిగా బతికాను. నా మొగుడు నేను ఏ భాషలో కలలు కంటానో తెలియకుండానే కన్నుమూశాడు. ఈ పిల్లకు ఒక్క మేకుతో తెలిసిపోయింది. ఇక అక్కడినుంచి మేమిద్దరం ఒక మూల చేరి మన మాటే మాట్లాడుకునేవాళ్ళం. చెంపదెబ్బ సీనుకు ముందు, “గట్టిగా కొట్టు పిన్నీ, మొహమాటపడి మెల్లిగా కొట్టావంటే పది టేకులు తినాలి” అనేది. దెబ్బ పడ్డాక, “మంచి చెయ్యి, మీ ఇంట్లో రోకలి అక్కర్లేదు” అనేది. గేటు దగ్గర కాఫీ ఇచ్చే అమ్మా, అదీ మా వైరం.

చివరి భాగాలు చేపల బజారులో తీశారు. ఎడతెరిపి లేని వాన. ఆ తరవాత జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. జ్వరం తగ్గిన రోజున అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ జబ్బుది దొంగబుద్ధి. వేడి తగ్గాకే కాటేస్తుంది. “పిన్నీ, పుల్లగా చేపలపులుసు తాగాలనుంది” అంటే వండి పట్టుకెళ్ళాను. మూత తియ్యనే లేదు. ఆ గిన్నె ఇంకా మా ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది. పారబొయ్యాలి. పారబోస్తాను.

అయ్యా, అమ్మా, ఇప్పటిదాకా చెప్పింది అయిపోయిన సంగతులు. జరగబోయేది, మీకు తెలియనిది ఒకటుంది. ఇక్కడ చెప్పవచ్చునా, చెప్పకూడదా అని ఈ మైకు దగ్గరికి వచ్చేదాకా తేల్చుకోలేదు.

పొద్దున ఇందాయ్ వాళ్ళ పసింగ్ అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె కూడా ఏడవడం లేదు. మీరంతా గమనించే ఉంటారు. నాతో ఏమందో తెలుసా? “సోమవారం నుంచి ఇందాయ్ మళ్ళీ టీవీలో వస్తదంట గదా. మిగిలినవి ఇంకా ఉన్నాయంట గదా. పెట్టెలో ఉన్నది అదేనని అందరూ చెబుతున్నారు. తడిమి చూశా, అద్దం తగిలింది. అద్దాన్ని పట్టుకుని ఎట్టా ఏడిచేది? దాని గొంతు ఇన్నాక ఏడుస్తాలే” అంది.

ఉన్నాయమ్మా అన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను. అమ్మమ్మా, ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను, విను. సోమవారం వచ్చే భాగాల్లో బొమ్మ ఇందాయ్‌దే. గొంతు దానిది కాదు.

బజారులో వాన హోరుకు మాటలు సరిగ్గా రికార్డు కాలేదు. స్టూడియోలో కూర్చుని అది మళ్ళీ చెప్పాల్సింది. చెప్పే లోపల పోయింది. ఇప్పుడు వేరే అమ్మాయితో చెప్పిస్తున్నారు. మంచి అమ్మాయే, మనీలా పిల్ల. శుభ్రంగా మాట్లాడుతుంది.

రామిరో గారూ, రెండో వరసలో ఉన్నారు, నాకు కనిపిస్తున్నారు. మీరు చెడ్డవారని అనడం లేదు. మమ్మల్నందరినీ విమానమెక్కించి తెచ్చారు. ఈ పూలన్నీ మీరు పంపినవే. చానెల్ వాళ్ళు ఆ చప్పుడుతో ఒప్పుకోరని మీరన్నారు, నిజమే కావచ్చు. కానీ ఆ రికార్డు నేను విన్నాను. వాన వినిపిస్తోంది. రేకులు వినిపిస్తున్నాయి. కుక్క ఒకటి మొరుగుతోంది. ఎవరో తల్లి రొయ్యలు రొయ్యలు అని అరుస్తోంది. వాటన్నిటి కింద ఇందాయ్ కూడా వినిపిస్తోంది. వెతుక్కోవాలి. వెతుక్కునేవాళ్ళు ఇక్కడ కూర్చున్నారు. కావాలంటే మాటలు తెర అడుగున అచ్చు వెయ్యండి, చదువుకోగలవాళ్ళు చదువుకుంటారు. గొంతు మార్చకండి. నా గొంతు మార్చండి, నేనేమీ అనుకోను. ఆ పిల్ల గొంతు మార్చకండి.

జవాబు ఇప్పుడు చెప్పమని అడగను. శవం ముందు ఎవరినీ నిలదీయకూడదు, నాకూ తెలుసు. ఇప్పటికే హద్దు దాటాను, పెద్దలు మన్నించండి.

ఇక అందరూ లేవండి. వెనక గట్టుమీద కూర్చున్నవాళ్ళు కూడా లేవండి. పిల్లల్ని ఎత్తుకోండి. ఆ ఫ్యాన్లు కాసేపు ఆపండి బాబూ. అమ్మమ్మా, నువ్వు కూర్చో, నీకు అక్కర్లేదు.

కాసేపు ఎవరం మాట్లాడకుండా నిలబడదాం. ప్రార్థన వచ్చినవాళ్ళు లోపల చేసుకోండి, రానివాళ్ళు ఊరికే నిలబడండి. రామిరో గారూ, మీరు మాత్రం చెవి ఒగ్గి వినండి. సోమవారం సాయంత్రం టీవీలో ఆ మనీలా పిల్ల ఎంత శుభ్రంగా మాట్లాడినా, పసింగ్ అమ్మమ్మకు ఇదే వినపడుతుంది.