కొత్త గడ్డి

హలో… ఆ, నేనేనమ్మా, అసిరమ్మని. పోర్ట్‌బ్లెయిర్ పక్క ప్రోతరాపూర్ నుంచి. పొద్దున్న రిసార్టు బుకింగని ఫోన్ సేసినావు, పద్మినివే కదూ?… అచ్ఛా, సెప్పు.

… గోవాది వద్దు తల్లీ. మా ఆయన్ని ఇమానం ఎక్కించొద్దన్నాడు డాక్టరు. సముద్రం మీద వైజాగ్ జహాజైతే పడుకోబెట్టి తెస్తాను. మీ వైజాగ్ దగ్గరున్నదే సూడు… ఆ, గోల్ఫ్ ఉన్నదే. గోల్ఫ్ లేకపోతే మాకెందుకు?

… అన్నీ అందులోనే అంటే?… ఊఁ… రూమూ, ఆటా, మూడుపూటలా తిండీ… ఎన్ని రకాలు? అరవయ్యా! ఓలమ్మో! ఆయనకి గంజి దిగితే అదే పండగ. గంజి కాస్తారా?… అడిగి సెప్పు.

… కాదమ్మా, ఆఫీసరు కాదు. మాలీ. ఆఫీసర్ల గోల్ఫ్ మైదానంలో ఇరవై ఎనిమిదేళ్లు గడ్డి పెంచినాడు, కోసినాడు. బంతి కొట్టే కర్ర మాత్రం ఒక్కనాడూ ముట్టుకోనివ్వలేదు.

ఉండు, వాకిట్లోకి వస్తాను. ఆయన ఇనకూడదు.

… ఊపిరితిత్తుల్లో కేన్సరు. దీపావళి దాటడని డాక్టరు నాకొక్కదానికే సెప్పినాడు. ఈయనేమో రిటైరైన కాడ్నుంచీ ఒకటే పాట, ఒక్క బంతి కొట్టాలే అసిరీ అని. ఒక్కటే. బస్.

… ఏటీ? జనవరి దాకా ఆడనివ్వరా?

… ఇది సెప్టెంబరమ్మా!… పాత గడ్డి వానలకి కుళ్లిపోయిందా… కొత్త గడ్డేసి మూసేసినారా… అరే, ఒక్క బంతికి ఏటైపోద్ది? వచ్చే నెల. మేనేజర్ని అడుగు. పోయే మనిషని సెప్పు, నాకేం సిగ్గు లేదు… ఉంటాను. లైన్లోనే ఉంటాను.

…

ఒప్పుకున్నాడా! నీ కడుపు సల్లగుండ! ఉండు, ఆయనకి సెప్తాను — మావా! ఓ మావా! వచ్చే నెలే కొడతావంట! కొత్త గడ్డేసి మూసేసినారంట గాని, నీకోసం తెరుస్తారంట —

ఏటీ?

… తిక్కా నీకు?

… పద్మినీ, ఉన్నావా?… వద్దంటన్నాడు. మా ఆయనే, ఇంకెవులు! ఏర్లు మట్టిలోకి దిగక ముందు కొత్త గడ్డి తొక్కకూడదంట. ఎంతేసి ఆఫీసర్లనో కేకలేసి బయటికి తరిమినోడిని, నానే తొక్కుతానా అంటన్నాడు… జనవరికే ఎళ్దాం, తొందరేటొచ్చిందీ అంటన్నాడు.

… ఆయనకి తెలీదమ్మా. సెప్పలేదు. ముప్పైతొమ్మిదేళ్లుగా సత్యారావు భార్యని, ఆయన కాడ ఒక్కటీ దాయలేదు. ఇదొక్కటే.

… ఆ, నిజం సెప్తే వచ్చే నెలకే వచ్చేస్తాడు. నాకూ తెలుసు… మళ్లీ వాకిట్లోనే ఉన్నాను… ఎలాగ సెప్పను పద్మినీ? నీకింక జనవరి లేదని నా నోటితో సెప్పనా? నా వల్ల కాదు. భయమేస్తంది.

… కిటికీలోంచి సూస్తన్నాడు. కర్ర పట్టినట్టు సేతులు ఊపుతన్నాడు, నవ్వుతన్నాడు సచ్చినోడు… అయ్యో, ఏటి మాటొచ్చింది నా నోట.

…

జనవరికే రాయి.

… తెలుసమ్మా. తెలిసే రాయమంటన్నాను. ఆగు, గట్టిగా సెప్తాను, ఆయనకి ఇనబడాల — ఇరవయ్యో తారీకు! మూడ్రోజులు! ఇద్దరికీ!

… ఆ. ఇద్దరికే.

… రాసినావా?… ఫోన్ పెట్టెయ్యి తల్లీ. ఇంక నన్ను మాట్లాడించకు.