చూరులో కోడి ఈకలు

లేవొద్దులే పొన్నుత్తాయీ, కూచో. కూచో అంటుండా గదా. ఈ మిరపకాయల కారంలో పొద్దంతా ఎట్ల ఉంటారే మీరు? గిడ్డంగి వాకిట్లో కాలు పెట్టినానో లేదో దగ్గు పట్టుకొనె. కోవిల్పట్టిలో రైలెక్కినప్పటినుంచి ఎండ, దిగితే ఇది. విరుదునగర్ అంటే పెద్ద వ్యాపారం అంటారు, నాకైతే తుమ్ములే మిగిలినాయి.

కొంచెం నీళ్లియ్యి. నీ చెంబుతోనే ఇయ్యిలే. ఎవురు చూస్తే ఏమి? ఊర్లో అయితే నేను తిన్నె మీద, నువ్వు తడిక బైట. నాకు తెలీదా? ఆ గోనె ఇట్ల లాగు, నీ పక్కనే కూచుంటా. నువ్వు పని ఆపొద్దు, మేస్త్రి చూస్తుండాడు. తొడిమెలు తీస్తానే విను.

ఏమిటికి వచ్చినానంటావా? అది చెప్పలేకే గదా ఈ ఎండా కారం అని సాగదీస్తుండేది. మా ఇంటాయన కూడా వచ్చినాడు. స్టేషన్‌లో బెంచీ మీద కూచోనుండాడు. ఇంత దూరం నాతో వచ్చి, రైలు దిగినాక, "నువ్వు పో, నాకు ముఖం చెల్లదు" అన్నాడు. గుంజి చూసినాను, లేవలే.

మొదట్నుంచి చెప్తే గాని నాకు మాట రాదు. నీకు తెలిసిందే, అయినా విను.

పిచ్చికుక్క కరిస్తే మా ఇంటి మందు. మా మామ కాలంనాటిది. ఎట్టయాపురం నుంచి, సాత్తూరు నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు. పచ్చాకు పసరు తాగి, మండలం రోజులు పత్యం ఉండాల. ఉప్పు లేదు, పులుపు లేదు, కరువాడు అయితే ఆ ఎండుచేప వాసన కూడా తగలకూడదు. పత్యం ముగిసిన పొద్దు ఒక పుంజును తెచ్చి ఇచ్చి, దాని తోక ఈక ఒకటి మా వసారా చూరులో చెక్కి పోవాల. కొత్తగా ఎవురు వచ్చినా మా ఇంటాయన చెయ్యెత్తి ఆ చూరే చూపించేవాడు, ఇన్ని ప్రాణాలు నిలిచినాయి అని. చూరు నిండా ఈకలు గాలికి ఆడతా ఉంటే, చూసినోళ్లకి ఇంకేం కావాల?

నీ కొడుకు ఇసక్కిదీ ఉండె గదా అందులో. నల్లపుంజు. నువ్వే చంకలో పెట్టుకొని వచ్చి తడిక మీదినుంచి అందిస్తివి. మేము కూర వండుకొని తిన్నాము. ఆ ఈక చెక్కి నెల తిరిగిందో లేదో, పిల్లోడు నీళ్ల చెంబు చూసి బెదిరినాడు.

అప్పుడు మా ఇంటాయన ఏమన్నాడు? పత్యం తప్పినారు అన్నాడు. ఎవురు పోయినా మా ఇంట్లో అదే మాట. బతికితే మందు గొప్ప, చస్తే పత్యం తప్పు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. మీ వీధిలో కరువాడు కాలని రోజేది, తల్లే పెట్టుంటాది అన్నాడు. ఆ మాట తడిక దాటి మీ అత్త రాక్కమ్మాళ్ చెవిన పడె. నీ మొగుడు ఇరుళప్పన్ నిన్ను ఇల్లు వెళ్లగొట్టె. కొడుక్కి కరువాడు ముక్క పెట్టి చంపుకొన్న తల్లి అని నీకు పేరు పడె.

ఏడుస్తుండావా, కారమా? నాకూ అట్లనే ఉండాది.

కాదు కాదు, నిన్ను ఎత్తిపొడవను రాలే. ముందర విను.

పోయిన పంటప్పుడు మా ఆడబిడ్డ కొడుకు చెల్లదురైని కుక్క కరిచె. పెండ్లీడు పిల్లోడు. మా ఇంట్లోనే పెట్టుకుంటిమి. మందు మా ఇంటాయన చేత్తో, కూడు నా చేత్తో. పూటపూటకీ తలకి పోసుకొని, వేరే చట్టి పెట్టి వండినాను. సద్ద సంకటి, ఉప్పు లేని పప్పుకట్టు, అంతే. మండలం ముగిసినా మా ఆడబిడ్డ బయపడి, ఇంకో నెల పత్యం ఉండనీ అనె. అదీ ఉండినాడు. పుంజును కోసి ఈక చెక్కిన పొద్దు, వాడు నవ్వతా, "అత్తా, రేపట్నుంచి ఉప్పేసి పెట్టు" అన్నాడు. ఆ ఉప్పుకూడు నేను వండనే లేదు. తెల్లారి నీళ్లిస్తే చెంబును తోసేసినాడు.

ఆ తర్వాత ఎట్ల ఉంటాదో నీకు చెప్పాల్నా? నువ్వు చూసినావు.

కాటినుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోలే, మా ఇంటాయన నా పక్క తిరిగి, "కూట్లో ఏం కలిపినావే?" అన్నాడు. ఇన్నేండ్ల కాపరం చేసి ఆ మాట పడితి. నేనేం కలపలేదని నాకు తెలుసు. తెలిసీ, చట్టి సరిగ్గా కడిగినానో లేదో, ఉప్పు తగిలిన గంటె ముట్టినానేమో అని నాలో నేనే వెతుక్కుంటా ఉంటి. తనదాకా వస్తేగాని తెలీదంటారే, అది నిజం. అప్పుడు గదా నువ్వు నా కండ్ల ముందర నిలబడితివి.

నేను ఒకటే అడిగినాను. పూటపూటకీ నా పక్కనే కూచోని చూసినారు గదా, మీరే చెప్పండి, ఏం కలిపినాను అని.

ఇంకొకటి చెప్పాల నీకు. కోవిల్పట్టిలో సర్కారు పత్తిపొలం ఉండాదే, అక్కడి ఆపీసరు ఒకడు మా చేన్లో కొత్త ఎరువు వేసి చూపిస్తానని వచ్చినాడు. ఒక పట్టెకి ఎరువు వేసి, పక్క పట్టెను ఒట్టిగా వదలమన్నాడు. మళ్లా ఒకటి వేసి, మళ్లా ఒకటి వదలమన్నాడు. మా ఇంటాయన కొట్లాటకి పొయ్యినాడు, మంచి ఎరువైతే చేనంతా వేయొచ్చు గదా, సగం చేను ఏమిటికి పాడు చేసేది అని. ఒట్టి పట్టె పక్కన లేకపోతే, పంట ఎరువుతో వచ్చిందో వానతో వచ్చిందో ఎట్ల తెలుస్తాది నాయకరే అన్నాడంట ఆ ఆపీసరు. పట్నం చదువు అట్లనే ఉంటాది అని ఇంటికొచ్చి నవ్వినాడు ఈయన.

చెల్లదురై పోయినాక ఒక పొద్దు ఆ చేని గట్టు మీద కూచున్నోడు లేవలే. నేను కూడెత్తుకొని పోతే నా మొగం చూడకుండా అడిగినాడు.

"అంగమ్మా, నా మందుకి ఒట్టి పట్టె ఏది?"

నాకు అర్తం కాలే. మందు తాగనోళ్లు ఏమైనారో మనం ఎప్పుడన్నా చూసినామా అన్నాడు.

అప్పట్నుంచి తిరగను మొదలుపెట్టె. కుక్క కరిచి మా ఇంటికి రాకుండా ఊరకున్నోళ్లని వెతుక్కుంటా పోయె. గొర్లకాపర్లు, కూలికి వలస పోయినోళ్లు, సున్నం రాసుకొని మరిచిపోయినోళ్లు. చానామంది గుండ్రాయి మాదిరి ఉండారు, ఉప్పూ పులుపూ కరువాడూ అన్నీ తిని. వాళ్లని కరిచింది అసలు పిచ్చికుక్క కాదు గదా. మా మందు తాగి బతికినోళ్లలో ఎంతమందిని పిచ్చికుక్క కరిచిందో ఎవురికి తెలుసు? కరిచింది నిజంగా పిచ్చిదని ఊరంతా చూసిన చోట, మందు తాగినోడూ పోయినాడు, తాగనోడూ పోయినాడు. పోయినోళ్లు తమ ఈక పీకేదానికి మళ్లా రారు. మా చూరుకి బతికినోళ్లే తెలుసు.

ఇప్పుడు ఎవురు వచ్చినా మదుర పెద్దాస్పత్రికి రైలెక్కిస్తుండాడు. అక్కడ కడుపు మీద సూదులేస్తారు. ఒకసారి తనే వెంట పోయి, మీ సూదులకి ఒట్టి పట్టె ఉండాదా అని డాక్టర్నే అడిగినాడంట. డాక్టరు నవ్వలేదంట. సూదులు ముగించి ఇంటికి పోయినోళ్లకి నెలలు గడిచినాక కార్డు రాసి అడుగుతారంట, మనిషి ఉండాడా, ఎట్ల ఉండాడు అని. పోయినోళ్లనీ లెక్కలో పెడతారంట. ఆ మాట నాకు చెప్పి మా ఇంటాయన చూరు పక్క చూసె.

మరుసటి పొద్దు నిచ్చెన వేసుకొని చూరెక్కినాడు. నీ కొడుకుదీ చెల్లదురైదీ, ఆ రెండీకలు తీసేద్దామనుకున్నాడు. ఏది ఎవురిదో ఎట్ల తెలుస్తాది? నల్ల ఈకలు ఎన్ని ఉండాయో. అన్నీ పీకి దిబ్బలో పారేసినాడు.

ఊరిని కూర్చోబెట్టి చెప్పినాడు గూడా. పొన్నుత్తాయి తప్పు లేదు, తప్పు నా మందుది, నా నోటిది అని. నేను పక్కనే ఉంటి, తల ఎత్తుకోలేకపోతి. ఎవురు నమ్మినారు? మేనల్లుడు పోయినాక నాయకరుకి మతి చెడింది అన్నారు. మీ అత్త అయితే, నిప్పు లేనిదే పొగ వస్తాదా అనె. పోయిన వారం సాత్తూరు నుంచి వచ్చినోళ్లు చూరు బోసిగా ఉండేది చూసి, బండిని ఇంకొక వైద్దుని ఇంటికి తిప్పుకొని పోయిరి. మదురకి పొండని ఈయన బండి వెనకాలే నడిచినాడు, వినలే. అబద్దం చెప్తే పది ఊర్లు నమ్మె, నిజం చెప్తే సొంత ఊరు నమ్మలే. ఏం చేసేది?

అందుకే వచ్చితి. ఊరు నమ్మకపోతే పోనీ, నీకొక్కదానికైనా తెలియాల. నువ్వు పెట్టిన కరువాడు ముక్కతో ఇసక్కి పోలే. చప్పిడి కూడు తినలేక బిడ్డ ఏడుస్తా ఉంటే ఏ తల్లికి చెయ్యి నిలుస్తాది? పెట్టినావు. పెట్టితే ఏమి? దానితో ఏమీ కాలేదు, ఇంక ఆ బరువు దించుకో అని చెప్పను వచ్చితి.

ఏమి? చెయ్యి ఆపేసినావే?

ఏమంటివి? ఈ దగ్గులో వినపడలే, ఇంకొకసారి చెప్పు.

పెట్టలేదా?

ఒక్క తునక కూడానా? పత్యం ఉన్నన్ని రోజులు మీ పొయ్యి మీద కరువాడే ఎక్కలేదా? వాడితో పాటు నువ్వూ ఉప్పు మానేసి ఉంటివా?

మరి ఏమిటికి చెప్పలేదే పావం... అవునులే, ఎవురికి చెప్తావు. ఊరంతా అంటా ఉంటే, మరుపున ఎప్పుడన్నా పెట్టినానేమో అని నువ్వే నమ్మేస్తివా? ఇంతకాలమూ?

లేదు, నువ్వు చెప్పకపోయింది కాదు తప్పు. మేము అడగలే. ఆ పొద్దు ఆయన తడిక ఇవతల నిలబడి ఆ మాట అంటా ఉంటే, నేను ఆయన వెనకాలే ఉంటి, చేట చేత్తో పట్టుకొని. పెట్టినావా అని ఒక్క మాట. ఆయన అడగలే, నేనూ అడగలే. ఇప్పుడు చూడు, నీ తప్పు లేదని చెప్పను వచ్చినదాన్ని, పెట్టినావనే అనుకొని వచ్చినాను.

స్టేషన్‌లో కూచోనుండే మనిషికి పోయి ఇది నేను ఏ మొగంతో చెప్పేది?

మదురలో ముక్కూ మొగమూ తెలీనోళ్లకి కార్డు రాసి అడుగుతారంట. ఊర్లో మీ ఇల్లు మా తడికకి కూతవేటు దూరం పొన్నుత్తాయీ.