కృష్ణబిలంలో పడ్డ టేపు

ఇంకో టీ ఇవ్వవయ్యా, ఇది చల్లారిపోయింది. ఏం పెద్దాయనా, కాలికి ఆ కట్టుతో ఎంతసేపని గోడకేసి చూస్తారు, ఇటు తిరగండి, ఆసుపత్రిలో పొద్దుపోవాలంటే కబుర్లే గతి. నేనెవరా? కొండ మీద పెద్ద టెలిస్కోపు ఉంది చూశారూ, దాన్ని నడిపేది నేనే. అంటే, అక్కడ ఏసీ మెకానిక్‌ని. ఏసీ లేకపోతే ఇక టెలిస్కోపు ఎక్కడిది?

"బావా, అక్క గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు కదా, అదేంటో డాక్టరమ్మ ఇప్పుడు చెబుతుందట. అక్క గది తలుపు దగ్గరే కూర్చుంది. రా."

వస్తున్నా, నువ్వు నడు. వీడు మా బావమరిది, వీడికి అన్నీ తొందరే. పెద్దాయన ముచ్చటపడి అడుగుతుంటే మధ్యలో లేచిపోతే ఏం బాగుంటుంది?

ఇంతకీ ఏం చెబుతున్నా? ఆ, టెలిస్కోపుకి ఒక కెమెరా ఉంటుంది. దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి, కాస్త వేడెక్కిందంటే లేని చుక్కలు చూపిస్తుంది. ఓసారి అలాగే ఫొటో నిండా చుక్కలే. సార్లందరూ తలలు పట్టుకున్నారు. కొత్త నక్షత్రాలంటాడొకడు, కాదు గెలాక్సీలంటాడు ఇంకొకడు. నేను పోయి పైపుకి చెవి ఆనించా. సన్నగా బుస్సుమంటోంది. గ్యాసు కారిపోతోంది! రెంచితో ఒక్క తిప్పు తిప్పా, చుక్కలన్నీ మాయం.

"అంతేనా? మా ఫ్రిజ్ బాగుచేసినవాడూ అదే చేశాడు."

అదుగో, టీ మాస్టారికి ఆనలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేయి ఊపులో ఉంది కదా అని ఇంకాస్త తిప్పా. చలి ముదిరిపోయింది. ఎంత చలంటే, పైనుంచి వచ్చే నక్షత్రాల వెలుగు కెమెరా దాకా రాకుండానే దారిలో గడ్డ... గడ్డ... అదే, ముద్దకట్టేసింది. టపటపా రాలుతోంది. చీపురుతో ఊడ్చి బకెట్లోకి ఎత్తా. ఆకాశం మబ్బు పట్టినా సార్లకి బెంగలేదు, నా బకెట్ దగ్గర పెట్టుకుని గుప్పెడు గుప్పెడు తీసుకుని పరిశోధనలు చేసుకున్నారు.

ఆ గదిలోంచి ఎవరన్నా బయటికొచ్చారా? నర్సా? సరే సరే, ఎవరైతే మనకేం.

అప్పట్నుంచి నన్నడక్కుండా అక్కడ ఏ పనీ జరగదు. ఈ విశ్వం రోజురోజుకీ రబ్బరులా సాగిపోతోందని వినే ఉంటారు. ఎంత వేగంగా సాగుతోందో రెండు జట్లు రెండు రకాలుగా కొలిచాయి, రెండు లెక్కలకీ పొంతన లేదు. ఎవరిది తప్పో ఎవరికీ తెలీదు. మా సార్లు దాని మీద పోట్లాడుకుని మాటలు కూడా మానేశారు. చివరికి పెద్ద సారు నా దగ్గరికొచ్చి, మేస్త్రీ, ఇక నువ్వే దిక్కు అన్నాడు. దీనికింత రాద్ధాంతం ఎందుకు సార్, టేపు పెట్టి కొలిచేద్దాం అన్నా. స్టోర్లో టేపు తీసుకుని ఒక కొస సారు చేతికిచ్చి, కదిలారో నా మీద ఒట్టే అని చెప్పి, రెండో కొస పట్టుకుని నడక మొదలెట్టా.

"ఎక్కడికి?"

ఎక్కడికేంటి పెద్దాయనా, విశ్వం చివరికి! చంద్రుణ్ణి దాటా, మన సూర్యుణ్ణి దాటా, దారిలో వేరే సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహం ఒకటి తగిలింది. అలాంటి గ్రహాల గాలిలో నీటి తడి ఉందా లేదా అని సార్లు ఏళ్ల తరబడి వాటి వెలుగుని వడగట్టి చూస్తుంటారు. నేను ముక్కు ఒక్కసారి ఎగబీల్చా. తడే! ఇక్కడ ఉతికిన బట్టలు ఆరవు, రాసుకోండి సార్ అని అక్కణ్ణుంచే కేకేశా.

"కేక ఇక్కడిదాకా వినపడిందా?"

టేపు పట్టుకుని వచ్చేసిందయ్యా!

"బావా, మళ్లీ పిలిచారు."

వినపడిందిరా! ఇంకొకళ్లని పంపమను ముందు, మాకేమన్నా బండి తప్పిపోతుందా? ఛ, ఈ బల్ల ఏంటి ఇలా ఊగుతోంది, నిలబడే చెబుతా.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చేతిలో కొసని ఎవరో లాగినట్టయింది. తలెత్తి చూద్దును కదా, ఎదురుగా కృష్ణబిలం! బ్లాక్ హోల్ అంటారే, అదే. నక్షత్రాల్ని నక్షత్రాలుగా మింగేసే రకం. నా టేపుని జుర్రుమని పీల్చేసుకుంది. మా స్టోరు కీపరు సంగతి మీకు తెలీదు, టేపు పోయిందని ఆ మనిషికి చెప్పుకోవడం కన్నా లోపలికి దూకడమే నయం. దూకేశా! అందులో పడితే మనిషి దారంలా సాగిపోతాడంటారు. నిజమే. నేను మొదట్లో ఇంకా పొట్టి, సాగి సాగి ఈ ఎత్తుకొచ్చా. తడుముకుంటూ టేపు పట్టుకున్నా, చుట్టి చంకలో పెట్టుకున్నా.

"అందులోంచి వెలుగే బయటికి రాదంటారు గదయ్యా. మరి నువ్వెలా వచ్చావు?"

అడిగారూ! ఈ ప్రశ్న మా పెద్ద సారుకి కూడా తట్టలేదు. వెనక్కి నడిచా పెద్దాయనా. మొహం లోపలికి, వీపు బయటికి. చూసేవాళ్లకి వీడు లోపలికే వస్తున్నాడనిపిస్తుంది. ఆ బిలమూ అలాగే అనుకుంది. వస్తున్నాడు, వచ్చేస్తున్నాడు అని అది నోరు తెరుచుకుని ఉండగానే నేను గట్టెక్కేశా! నవ్వండి, నవ్వండి, టీ మాస్టారూ నువ్వూ నవ్వు...

"ఏవండీ."

ఆ... ఇదిగో, మా ఆవిడ. నువ్వెందుకు లేచొచ్చావు? వస్తున్నాగా, పెద్దాయన ఏదో అడిగితేనూ...

"డాక్టరమ్మ రెండుసార్లు పిలిచింది. గడ్డ మంచిదో చెడ్డదో చెప్పేస్తానంది. మా ఆయన వచ్చాకే వింటానన్నాను."

నువ్వు వినేసి నాకు చెప్పొచ్చుగా. తోడు తమ్ముడున్నాడాయె. నాకు... ఆ గదికేసి కాళ్లు రావడం లేదే.

"నాకూ భయంగానే ఉందండీ. వెలుగు కూడా తిరిగిరాని చోటికి టేపు కోసం దూకారు, నాకోసం ఆ తలుపు దాటలేరా? రండి. వెనక్కి నడిచొచ్చినా సరే."